కూత గేరు

సుందరరాజు గేరును స్టాండు మీది ఇరుసుకు తొడిగి, పక్కనున్న ఉక్కు చక్రానికి దాని పళ్ళు ఆనించి, మోటారు స్విచ్చి వేసి, దేవకమ్మ ముఖం చూశాడు.

దేవకమ్మ ఎదురుబల్ల దగ్గర కూర్చుని గేర్ల అంచులకు వేలాడే నైలాన్ పీచును బ్లేడుతో కోసేస్తోంది. ఆమె తల ఎత్తలేదు. నుదురు ముడుచుకోలేదు. సుందరరాజు స్విచ్చి కట్టేసి ఆ గేరును కుడిపక్క గంపలో వేశాడు. ఇంకొకటి తొడిగాడు. ఈసారి మోటారు తిరగగానే ఆమె కనుబొమలు దగ్గరికి వచ్చాయి. పుల్లని చింతకాయ కొరికినట్టు పెదవి ఒక పక్కకు పోయింది.

"దీనికి కొన ఇంకొంచెం గీకాల" అని సుందరరాజు తనలో తను అనుకున్నట్టు పైకే అని, దాన్ని ఎడమ గంపలో వేశాడు.

ఏడాదికి పైగా అతను పని ఇట్లాగే చేస్తున్నాడు. ఎవరికీ తెలియదనుకుంటున్నాడు. అయినా స్విచ్చి మీద వేలు పెట్టిన ప్రతిసారీ అరచేతిలో చెమట పుడుతుంది. నైలాన్‌కు చెమట తగిలితే పట్టు జారుతుంది. అందుకని ఒళ్ళో ఒక పాత తుండుగుడ్డ పెట్టుకుంటాడు.

రేకుల షెడ్డు. తలుపు తీస్తే రేణిగుంట రోడ్డు, దాని మీద కొండకు పోయే బస్సులు. ఇక్కడ చేసేది టేబుల్ ఫ్యాన్ల తల అటూ ఇటూ తిప్పే గేరు. ముందు ఇత్తడితో చేసేవాళ్ళు. యజమాని పరంధామయ్య నాలుగేళ్ళ కింద నైలాన్‌కు మారాడు. లాడ్జీల వాళ్ళు అవే అడిగారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, మొక్కు తీర్చుకుని, గుండ్లతో దిగివచ్చిన జనం రెండు గంటలు కళ్ళు మూసుకుంటారు. వాళ్ళ తలాపున ఫ్యాను టకటకలాడకూడదు.

నైలాన్ మెత్తనిది కాబట్టి శబ్దం రాదని పరంధామయ్య అనుకున్నాడు. వచ్చింది. ఎందుకొచ్చిందో కొన్ని నెలలు కుస్తీపడితే గానీ సుందరరాజుకు అంతుపట్టలేదు. ఇత్తడి పన్ను ఒత్తిడికి వంగదు. నైలాన్ పన్ను వంగుతుంది, కంటికి కనపడనంత. మోస్తున్న పన్ను వంగినప్పుడు వెనకనున్న పన్ను తన వంతు రాకముందే వచ్చి, దాని కొన అవతలి చక్రానికి కొట్టుకుంటుంది. అదే కూత. పన్ను పక్కలకు బియ్యపుగింజకు ఉన్నట్టు చిన్న పొట్ట ఉండాలి. కొన మూల వెంట్రుకవాసి గీకేయాలి. అప్పుడు పళ్ళు ఒకదాని మీద ఒకటి కొట్టుకోకుండా దొర్లుతాయి. బట్టలకు పెట్టే నీలిమందును నూనెలో కలిపి పళ్ళకు పూసి ఒకసారి తిప్పితే, ఎక్కడ ఒరుసుకుందో అక్కడ నీలం పోయి తెల్లగా బయటపడుతుంది. ఆ తెలుపును బట్టి బ్లేడు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. గీకాక చివరి మాట మాత్రం చెవిదే.

ఆ చెవే పోతోంది.

వయసులో ఉన్నప్పుడు చిత్తూరులో బెల్లం పెనాలు చేసే షెడ్డులో ఇనుపరేకులు సుత్తితో సాగగొట్టేవాడు. పెనం లోపల ఒకడు కూర్చుని పట్టుకోవాలి, బయట ఇద్దరు కొట్టాలి. లోపల కూర్చునేది సన్నగా ఉన్న సుందరరాజే. సాయంత్రం ఇంటికి పోయాక కూడా తల గుయ్యిమనేది. పొద్దున్నకు తగ్గేది. అట్లా ఎన్నో ఏళ్ళు తగ్గుతూనే ఉండింది. మొదట పోయినవి కీచురాళ్ళు. పలమనేరు దగ్గర అత్తగారి ఊరికి పోయినప్పుడు సందెవేళ పంచలో కూర్చుని, "ఈ పక్క కీచురాళ్ళు ల్యావే" అన్నాడు. భార్య నాగులమ్మ అతని వంక వింతగా చూసింది. ఆ తర్వాత పాలవాడి సైకిలు గంట పోయింది. మనుషుల మాట మిగిలింది, ఎదురుగా నిలబడి మాట్లాడితే. సన్నని శబ్దాలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి.

అదే సమయంలో నాగులమ్మకు గుండె వాచింది. కాళ్ళకు నీరు చేరింది. పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకు దిండ్లు ఆనించి కూర్చునే నిద్రపోవాలి. ఆమె గొంతు సన్నబడేకొద్దీ అతని చెవి మొద్దుబారింది.

కిందటి వారం అతను పెరట్లో బట్టలు పిండుతుంటే పక్కింటి పంకజాక్షి పరుగెత్తుకుంటూ వచ్చి భుజం పట్టి ఊపింది. "ఏందన్నా, ఎంతసేపట్నించి పిలస్తాండాది వదిన!" లోపల నాగులమ్మ మంచం పట్టె మీదికి ఒరిగిపోయి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. మాత్ర నాలుక కింద పెట్టి, మనిషి మళ్ళీ మామూలయ్యేదాకా వీపు నిమురుతూనే ఉన్నాడు. "నీళ్ళ సద్దులో ఇనపడల్యా" అన్నాడు పంకజాక్షితో. అది అబద్ధం. కుళాయి అప్పటికే కట్టేసి ఉంది.

ఆ రోజు నుంచి అతను సరిగ్గా నిద్రపోలేదు. కన్ను మూతపడగానే ఉలిక్కిపడి లేచి ఆమె ఛాతీ కదులుతోందా అని చూసుకుంటాడు.

"సుందరం!"

పరంధామయ్య బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. తెల్ల పంచె, నుదుట నామం, చేతిలో కాగితం పొట్లం. మంచి మనిషి, గొంతు పెంచడు. అదే సుందరరాజుకు కష్టం.

"తిరుచానూరు లాడ్జీవోళ్ళు తిప్పి పంపినారప్పా. కూత పెడ్తాండాయంట. నువ్వు పాసు సేసినవే. ఒగసారి తిప్పి సూడు, నేనూ ఇంటా."

పొట్లంలోని గేర్లు బల్ల మీద దొర్లాయి. సుందరరాజు ఒకటి తీసి తొడిగాడు. స్విచ్చి వేసి తల ఎత్తాడు. ఎదురుగా పరంధామయ్య పంచె తప్ప ఏమీ కనపడలేదు. దేవకమ్మ ఆయన వెనకాల ఉండిపోయింది.

స్టాండు అంచు మీద వేళ్ళు ఆనించాడు. ఏదో అదురుతోంది. అది మోటారు అదురో, గేరు అదురో. పరంధామయ్య తల ఒక పక్కకు వాల్చి వింటున్నాడు. వింటూ సుందరరాజు ముఖం చూస్తున్నాడు.

"ఎట్లుండాది?"

కూత ఉంది అనాలా, లేదు అనాలా. ఏది అన్నా సగం ప్రమాదమే. ఈ పని పోతే ఈ చెవితో ఇంకో షెడ్డు మెట్లు ఎక్కడం కల్ల. నాగులమ్మ మాత్రలు, ఆమె కూర్చున్న ఆ గది, అన్నీ ఈ స్టాండు మీదే తిరుగుతున్నాయి.

"సామీ, రోంత పక్కకు తొలగండి" అంది వెనక నుంచి దేవకమ్మ. "ఎలుతురుకు అడ్డం నిలబడుకుంటే బ్లేడు నా ఏలు తెంపుతాది. మళ్ళీ మీరే గదా కట్టు కట్టించాల."

పరంధామయ్య నవ్వుతూ రెండడుగులు పక్కకు జరిగాడు. దేవకమ్మ ముఖం కనపడింది. పెదవి ఒక పక్కకు పోయి ఉంది.

"కూత ఉండాది సామీ" అన్నాడు సుందరరాజు. "కొన సరిగా గీకల్యా. నాదే తప్పు."

"అదే నేనూ అనుకున్యా." పరంధామయ్య తృప్తిగా తల ఊపాడు. "దిద్ది పంపించు. సెవి బాగుండాది గదా అప్పా? నీ సెవి మీదే నా యాపారం."

"బాగుండాది సామీ."

ఆయన వెళ్ళిపోయాక సుందరరాజు తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు. దేవకమ్మ తన పనిలో తను ఉంది.

మధ్యాహ్నం అందరూ క్యారియర్లు తీసుకుని గోడనీడకు పోయారు. సుందరరాజు సంగటిముద్ద అట్లాగే ఉంచి బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఎడమ గంపలోంచి ఒక గేరు తీశాడు. బ్లేడు పక్కన పెట్టి ఆకురాయి అందుకున్నాడు. పన్ను పక్కనున్న పొట్టను ఆకురాయితో చదునుగా రుద్దాడు. కొన మూలను ముట్టుకోలేదు. దాన్ని ఇంకా పదునుగా నిలబెట్టాడు. ఒక పన్ను అయ్యాక ఇంకొక పన్ను. చెయ్యి ఒప్పుకోలేదు. అలవాటు కొద్దీ ఆకురాయి కొన వైపు వంగిపోతుంటే రెండో చేత్తో పట్టి ఆపుకోవాల్సి వచ్చింది. కావాలని గేరును చెడగొట్టడం అతనికి ఇదే మొదలు.

"ఏందన్నా, దాని పండ్లన్నీ రాలగొడ్తాండావు?" దేవకమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి ఎదుట నిలబడింది.

"ఇంట్లో ఫ్యానుకు."

"ఇంట్లోకి కూత గేరా? ఊరందురికీ సద్దులేని గేర్లు సేసిచ్చి, నీ ఇంట్లో దండోరా ఏసుకుంటావా?" ఆమె పకపకా నవ్వింది. "అట్లయితే మా ఆయనకూ ఒగటి సెయ్యన్నా. తాగొచ్చి పడుకుంటే పిడుగుపడినా లెయ్యడు. తలకాయ కింద పెడ్తా."

సుందరరాజు నవ్వలేదు. ఆకురాయి ఆగింది. దేవకమ్మ నవ్వు కూడా ఆగింది. ఆమె బల్ల మీద చెయ్యి ఆనించి వంగి, అతని కళ్ళకు ఎదురుగా ముఖం పెట్టి, మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి అంది.

"వదిన పిలిస్తే ఇనపడాలనా?"

అతను ఆకురాయి కింద పెట్టాడు. "నీకెట్ల తెల్సు?"

"ఏడాదిగా నా మొగం సూసే గదన్నా పని సేస్తాండేది. నాకు పంటినొప్పి వచ్చిన దినం మంచి గేర్లన్నీ ఎడమ గంపలో ఏసేసినావు. ఆ దినమే తెలిసింది."

"సెప్పల్యా నువ్వు."

"ఎవురికి సెప్పేది? యేమని? సంగటి తిను, ఆరిపోతాండాది."

సాయంత్రం ఇంటికి చేరేసరికి గోడలు ఇంకా వేడిగా ఉన్నాయి. మే నెల. నాగులమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుంది. పాదాలు తళతళలాడుతూ ఉబ్బి ఉన్నాయి. మంచం పక్కన ట్రంకుపెట్టె, దాని మీద టేబుల్ ఫ్యాను. ట్రంకుపెట్టెకు ఈ పక్కన నేల మీద అతని చాప. ఆమె చెయ్యి చాపితే ఫ్యాను వెనకనున్న గుబ్బ అందుతుంది. గుబ్బ నొక్కితే ఫ్యాను తల తిరుగుతుంది. పైకి లాగితే తిరగడం ఆగి, రెక్కలు మాత్రం ఆడతాయి.

అతను చొక్కా విప్పి గోడకు తగిలించి, ఫ్యాను వెనక మూత విప్పాడు. పాత గేరు తీశాడు. అది తను చేసినదే, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కూతపెట్టలేదు. కొత్తది బిగించాడు. ఫ్యాను వేసి గుబ్బ నొక్కాడు.

ట్రంకుపెట్టె ఢక్కుమంది. మళ్ళీ ఢక్కుమంది. పెట్టెలో అడుగున ఉన్న ఇత్తడి గిన్నెలు కూడా అదిరాయి. సుందరరాజుకు చెవిలో వినపడింది తక్కువ, పెట్టెకు ఆనించిన అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది ఎక్కువ. చాప మీద పడుకుని తల పెట్టెకు ఆనించి చూశాడు. పుర్రెలోకి కొట్టినట్టయింది. ఆ వారంలో మొదటిసారి అతని ఊపిరి తేలిగ్గా ఆడింది.

నాగులమ్మ చెవులు మూసుకుంది. "యేందయ్యా ఇది! ఆపు, ఆపు. పంకజాక్షి వొచ్చి తన్నిపోతాది."

అతను గుబ్బ పైకి లాగాడు. "నీకు ఏమన్నా అయితే దీన్ని నొక్కు మే. పిలవబాకు. గొంతు నొప్పి పుడ్తాది నీకు."

ఆమె చెవుల మీది చేతులు తీసింది.

"నా గొంతు నొప్పికా, నీ సెవికా?"

అతను మూత బిగించే మరను వెతుకుతున్నట్టు నేల తడిమాడు. మర అతని చేతిలోనే ఉంది.

"కీచురాళ్ళు ల్యావన్న దినమే అనుకున్యా" అంది నాగులమ్మ. "సెప్తే బయపడతావని సెప్పల్యా. నువ్వూ సెప్పల్యా. సరిపాయ."

ఆమె గుబ్బను ఒకసారి నొక్కి చూసింది. ఢక్కుమనగానే పైకి లాగబోయింది. గుబ్బ బిగువు. వాచిన వేళ్ళకు పట్టు దొరకలేదు. రెండు వేళ్ళూ బొటనవేలూ కలిపి, పళ్ళు బిగించి లాగితే గానీ పైకి రాలేదు. "ఆపేదే కష్టం" అంది రొప్పుతూ.

"ఆపేది నీ పని కాదు. నొక్కేదే నీ పని. ఆపేది నేను."

మూత బిగించే ముందు అతను గేరును మళ్ళీ బయటికి తీసి, పళ్ళను శుభ్రంగా తుడిచి, నీలిమందు పూశాడు. ప్రతి పన్నుకూ రెండు పక్కలా, కొనకూ. రేపు ఒకసారి తిప్పి, ఎక్కడ ఒరుసుకుందో చూసి, ఇంకా గట్టిగా కొట్టేలా దిద్దవచ్చు. అలవాటు కొద్దీ పాత గేరును ఇరుసుకు తొడగబోయి, నవ్వుకుని, నీలం గేరునే తొడిగి మూత వేశాడు. నాగులమ్మ అదంతా గమనిస్తూ కూర్చుంది.

"ఎంత నాజూగ్గా పూస్తాండావయ్యా. పెండ్లికూతురు కాళ్ళకు పారాణి పెట్టినట్టుండాది."

జావ తాగించి, మాత్ర ఇచ్చి, కాళ్ళ కింద దిండు సర్ది, అతను చాప మీద వాలాడు. అరచెయ్యి పెట్టెకు ఆనించాడు.

"నిద్రపో" అంది నాగులమ్మ, అతనికి వినపడేట్టు మంచం అంచుకు వంగి. "పొద్దంతా ఆడ బయపడి వస్తావు. రాత్రంతా ఈడ బయపడతావు. ఈ వారంలో నీ మొగం సూసినావా? ఒగ రాత్రన్నా నిద్రపో."

అతను కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి కిటికీలోంచి ఎండ చాప మీదికి వచ్చింది. అంత పొద్దెక్కేదాకా అతను ఎప్పుడూ నిద్రపోలేదు. ఎడమ పక్కకు తిరిగి ఉన్నాడు, గోడ వైపు. చెయ్యి పెట్టె మీద లేదు, తన తల కిందే మడుచుకుని ఉంది. ఫ్యాను రెక్కలు ఆడుతున్నాయి. తల కదలడం లేదు. గుబ్బ పైకే ఉంది.

నాగులమ్మ దిండ్లకు ఆనుకునే ఉంది. ముఖం అతని వైపు తిరిగి ఉంది. చెయ్యి మంచం పట్టె దాటి ఫ్యాను దగ్గరగా వాలి ఉంది. అతను ఆమె ఛాతీ వంక చూశాడు. అలవాటుగా, ఎప్పటిలాగే, అది కదిలేదాకా చూద్దామని కూర్చున్నాడు. ఎండ చాప దాటి మంచం కోడు దాకా జరిగింది.

పంకజాక్షి వచ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, అతని ఎదుట కూర్చుని అడిగింది. "పిలిసిందా అన్నా రాత్రి?"

అతను గుబ్బ వంక చూశాడు. "లేదు" అన్నాడు. "పిలవల్యా."

"నిద్రలోనే పోయింది తల్లి. కష్టపడల్యా."

వచ్చిన వాళ్ళందరికీ అదే మాట చెప్పాడు. దేవకమ్మ వచ్చినప్పుడూ చెప్పాడు. ఆమె అతని ముఖం చూసి తల ఊపింది. పరంధామయ్య మనిషితో బియ్యం పంపించాడు. కర్మలయ్యాక చుట్టాలు ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళారు. పనికి పోవాల్సిన రోజు పొద్దున్న అతను స్నానం చేసి, చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకోబోయి ఆగాడు. ట్రంకుపెట్టె ముందు కూర్చుని ఫ్యాను మూత మరలు ఒక్కొక్కటే విప్పాడు. ప్రతి మర దగ్గరా చెయ్యి ఆగింది. ఆఖరి మర చేతిలోకి వచ్చాక కూడా మూత వెంటనే తీయలేదు.

గేరు పళ్ళు నీలంగా ఉన్నాయి. అతను పూసినట్టే, గీత కూడా చెదరకుండా. అతను నెమ్మదిగా వేలితో గేరును తిప్పుతూ పోయాడు. నీలం, నీలం, నీలం. అవతలి పక్క ఒక్క పన్ను తెల్లగా ఉంది.

ఒక్క పన్నే. రాత్రి ఆమె గుబ్బ నొక్కింది. పెట్టె ఒక్కసారి ఢక్కుమంది. ఆపేది నేను అన్నవాడు నిద్రలోంచి కదల్లేదు. ఆ వాచిన వేళ్ళు, రెండూ బొటనవేలూ కలిపి, గుబ్బను పైకి లాగి ఆపాయి.

అతను గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. బయట రేణిగుంట పోయే బస్సు ఆగింది, పోయింది. పాలవాడు సైకిలు దిగి గంట కొడుతున్నట్టు బొటనవేలు కదపడం కిటికీలోంచి కనపడింది.

పాత గేరును ఫ్యానుకు బిగించి, మూత వేశాడు. చొక్కా గుండీలు పెట్టుకుని, క్యారియరు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి పనికి పోయాడు.

కిటికీ గూట్లో, ఆమె మాత్రల సీసా పక్కన, తెల్ల పన్ను గోడవైపుకు ఉండేట్టు పెట్టిన నీలం గేరు ఎండలో ఆరుతూ ఉంది.